‘అది ట్రక్కే కాదు’ అంటారు గానీ: రిడ్జ్‌లైన్ కొనాలా, ఎఫ్-150 కొనాలా?

అమెరికాలో హోండా రిడ్జ్‌లైన్ పికప్ కొన్నవాళ్లు ఒక మాట తప్పకుండా వింటారు: "బండి బాగుంది, కానీ అది ట్రక్కు కాదు కదా!" ఈ మాట అనేది ఫోర్డ్ ఎఫ్-150 గానీ షెవ్రొలే సిల్వరాడో గానీ, అంటే పెద్ద ట్రక్కు నడిపే పక్కింటాయన. వెనక సామాను వేసే ఆ పెద్ద బెడ్‌లో చివరిసారి ఏం ఎక్కించారో ఆయనకే గుర్తుండదు, అది వేరే సంగతి.

డాలస్, అట్లాంటా, షార్లట్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు కూడా ఒకటి రెండు వేసవులు గడిచేసరికి పికప్ ఆలోచన వస్తుంది. మొక్కల మొదళ్లలో పరిచే మల్చ్ బస్తాలు, పెరటి మడులకు మట్టి, ఎవరో సగం ధరకు అమ్మేస్తున్న సోఫా, వినాయక చవితికి కాలనీ విగ్రహం, అన్నిటికీ ఎవరినో ఒకరిని బతిమాలడం విసుగు. అక్కడ మొదలవుతుంది టెన్షన్: కారులా నడిచే రిడ్జ్‌లైన్, మావెరిక్ లాంటివి చాలా, లేక కొంటే పెద్దదే కొనాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారులాంటి పికప్‌కు రావాల్సిన మెప్పు పూర్తిగా రాలేదు. కాకపోతే దాన్ని మెచ్చుకునేవాళ్లు చెప్పే కారణాల్లో సగం నిలబడవు. రిడ్జ్‌లైన్ డబ్బు పెద్దగా మిగల్చదు, గ్యాస్ (పెట్రోలు) కూడా పెద్దగా మిగల్చదు. దాని గొప్ప వేరే చోట ఉంది.

## ‘కారులాంటి’ అంటే

ఎఫ్-150, సిల్వరాడో, రామ్, టండ్రా లాంటి పెద్ద ట్రక్కులకు అడుగున నిచ్చెన ఆకారంలో ఉక్కు ఫ్రేమ్ ఉంటుంది. క్యాబిన్ ఒక ముక్క, బెడ్ ఇంకో ముక్క. రెండింటినీ తెచ్చి ఆ ఫ్రేమ్ మీద బిగిస్తారు. వెనక ఇరుసు అడ్డంగా ఒకే గట్టి కడ్డీ. ఎఫ్-150, సిల్వరాడోల్లో దాన్ని మన లారీల్లో లాగే కమాన్ కట్టలు మోస్తాయి. రామ్ 1500 మాత్రం 2009 మోడల్ నుంచి కాయిల్ స్ప్రింగులకు మారింది, 2022లో కొత్తగా వచ్చిన టండ్రా కూడా అదే దారి పట్టింది.

రిడ్జ్‌లైన్‌కు విడిగా ఫ్రేమ్ లేదు. పైలట్ ఎస్‌యూవీకి ఉన్న పునాదే దీనికీ. బాడీ, ఫ్రేమ్ కలిసి ఒకటే, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ కూడా ఇదే పద్ధతి, కాకపోతే ఇంకా చిన్నవి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ 1934లోనే కారు ముందుభాగానికి బెడ్ తగిలించి ‘యూట్’ అని అమ్మింది. అమెరికాలో 1957లో ఫోర్డ్ రాంచెరో, 1959లో షెవ్రొలే ఎల్ కమీనో వచ్చాయి. రిడ్జ్‌లైన్ 2006 మోడల్‌గా మార్కెట్లోకి దిగింది, ఆ ఏడాదే మోటార్ ట్రెండ్ పత్రిక దాన్ని ‘ట్రక్ ఆఫ్ ది ఇయర్’గా ఎంచింది. రెండో తరానికి 2017లో నార్త్ అమెరికన్ ట్రక్ ఆఫ్ ది ఇయర్ దక్కింది. అంటే నిపుణులు మొదటినుంచీ మెచ్చుకుంటూనే ఉన్నారు, కొనేవాళ్లే మొహమాటపడుతున్నారు. ఆ మొహమాటం హోండాకూ అంటినట్టుంది. 2021లో ముక్కు భాగాన్ని నిటారుగా, బల్లపరుపుగా మార్చి ‘ట్రక్కులా’ కనిపించేట్టు చేసింది. లోపల ఇంజిన్, బెడ్, మోసే బరువు అన్నీ పాతవే.

## ముందు మీ అవసరం కొలవండి

షోరూమ్‌కు వెళ్లేముందు తేల్చుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఒక్కటే: ట్రైలర్. బెడ్‌లో ఏం వేస్తారన్నది కాదు, వెనక ఏం లాగుతారన్నదే ఈ రెండు రకాల బండ్లనూ నిజంగా విడదీస్తుంది. ఏడాదికి ఒక్కసారైనా 5,000 పౌండ్లు దాటిన బరువు లాగేట్టయితే ఇక చర్చ అక్కర్లేదు, పెద్ద ట్రక్కే కొనండి.

పేలోడ్ రెండోది. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద టైర్ల గాలి వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని దాని మీద రాసి ఉంటుంది. బ్రోషర్‌లో వేసేది ఆ మోడల్ మొత్తంలో అత్యధిక అంకె. స్టిక్కర్‌లో ఉన్నది మీరు చూస్తున్న ఆ ఒక్క బండిది. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, తోలు సీట్లు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గిపోతుంది. లగ్జరీ హంగులన్నీ ఉన్న పెద్ద ట్రక్కు స్టిక్కర్ చాలాసార్లు రిడ్జ్‌లైన్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. సేల్స్‌మన్ ఈ ముక్క చెప్పడు.

ఆ తర్వాతివి గ్యారేజీ లోతు, రోజూ నడిపే మైళ్లు, వెనక సీట్లో కూర్చునేవాళ్లు. చాలా ఇళ్లలో గ్యారేజీ లోతు సుమారు 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. వెనక గోడకు వాటర్ హీటరో, రెండో ఫ్రిజ్జో, పచ్చడి జాడీల అరో ఉంటే అందులోంచి తీసేయండి.

| | రిడ్జ్‌లైన్ | మావెరిక్ | శాంటా క్రూజ్ | ఎఫ్-150 నాలుగు తలుపులు, చిన్న బెడ్ |
|---|---|---|---|---|
| మొత్తం పొడవు (అంగుళాలు) | 210 | 200 | 196 | 232 |
| బెడ్ పొడవు (అంగుళాలు) | 64 | 54 | 52 | 67 |
| ట్రైలర్ (పౌండ్లు) | 5,000 | 2,000. టో ప్యాకేజీతో 4,000 | 3,500. టర్బోతో 5,000 | ఇంజిన్‌ను బట్టి. ఎఫ్-150 శ్రేణిలో గరిష్ఠం 13,500 |
| పేలోడ్ (పౌండ్లు) | సుమారు 1,500 | సుమారు 1,500 | 1,500కు అటూ ఇటూ | 1,400 నుంచి 2,000 పైన |
| గ్యాలన్‌కు మైళ్లు, సగటున | 21 | హైబ్రిడ్ 37–38 | 22–25 | ఇంజిన్‌ను బట్టి 17–25 |

ఈ పట్టికలో బెడ్ పొడవు వరుస ఇంకోసారి చూడండి. మన కాలనీల్లో కనిపించే ఎఫ్-150లలో ఎక్కువ భాగం నాలుగు తలుపులు, అయిదున్నర అడుగుల బెడ్ ఉన్నవే. దాని బెడ్‌కూ రిడ్జ్‌లైన్ బెడ్‌కూ తేడా మూడంటే మూడు అంగుళాలు. బండి పొడవులో తేడా మాత్రం 22 అంగుళాలు. ‘అది ట్రక్కు కాదు’ అనే పక్కింటాయనకు చూపించాల్సింది ఈ రెండు అంకెలే.

## హోండా రిడ్జ్‌లైన్

3.5 లీటర్ల వీ6, 280 హార్స్‌పవర్, 2021 నుంచి అన్ని మోడళ్లలోనూ నాలుగు చక్రాలకూ పవర్. బెడ్‌లో చక్రాల గూళ్ల మధ్య వెడల్పు 50 అంగుళాలు. హార్డ్‌వేర్ షాపులో దొరికే 4×8 అడుగుల ప్లైవుడ్ షీటు అడుగున బల్లపరుపుగా పడుకుంటుంది, టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) దించి పెట్టినా చివర ఒక అడుగు బయటికి వస్తుంది. ఎర్ర గుడ్డ ఒకటి కట్టుకుంటే సరి. బెడ్ మొత్తం కాంపొజిట్ కాబట్టి లైనర్ వేయించే ఖర్చు లేదు, తుప్పు పట్టదు.

దీని అసలు ముచ్చట బెడ్ అడుగున ఉన్న డిక్కీ. 7.3 ఘనపుటడుగులు, తాళం పడుతుంది, వాన చుక్క లోపలికి రాదు, అడుగున నీళ్లు పోవడానికి బిరడా కూడా ఉంది. మామూలు పికప్‌లో కాస్ట్‌కోకు వెళ్లొస్తే సరుకులు వెనక సీటు మీద పేర్చుకోవాలి, లేదంటే బెడ్‌లో దొర్లుతూ వస్తాయి. ఇందులో కారులో పెట్టినట్టే పెట్టి తాళం వేయొచ్చు. పిక్నిక్‌కు వెళ్తే ఐస్ నింపి డ్రింకులు వేసుకోవచ్చు. టెయిల్‌గేట్ కిందికీ దిగుతుంది, తలుపులా పక్కకూ తెరుచుకుంటుంది. పక్కకు తెరిస్తే బెడ్ దగ్గరికంటా వెళ్లి నిలబడి సామాను అందుకోవచ్చు. పొట్టివాళ్లకు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు ఇది చిన్న సుఖం కాదు.

పెరట్లో ఆనప, కాకర పాదులు పెంచేవాళ్లకు ఒక మాట. పందిరికి మనవాళ్లు ఎక్కువగా వాడే పశువుల కంచె ప్యానెల్ 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని విల్లులా వంచి ఒక కొన క్యాబిన్ వైపు గోడకు, ఇంకో కొన టెయిల్‌గేట్‌కు ఆనించి, ర్యాచెట్ స్ట్రాప్‌లతో గట్టిగా బిగించి తెచ్చుకుంటారు. గూళ్ల మధ్య 50 అంగుళాల సందులో అది సరిగ్గా దూరుతుంది. కాకపోతే పొట్టి బెడ్‌లో విల్లు బాగా ఎత్తుగా లేస్తుంది, స్ట్రాప్ జారితే ప్యానెల్ ఈడ్చి కొడుతుంది. ఇంటికొచ్చాక విప్పేటప్పుడు ఇద్దరుండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. ఎనిమిదడుగుల బెడ్ ఉంటే ఈ తిప్పలు సగానికి తగ్గుతాయి.

లోపాలు కూడా చెప్పుకోవాలి. స్టెప్నీ ఆ డిక్కీలోనే ఉంటుంది. బెడ్ నిండా మట్టి పోయించుకుని వస్తుంటే దారిలో టైరు పంక్చరయిందనుకోండి, మట్టంతా దింపితే గానీ స్టెప్నీ బయటికి రాదు. మైలేజీ సగటున 21, చిన్న టర్బో ఇంజిన్ ఉన్న ఎఫ్-150 ఇచ్చేదీ దాదాపు అంతే. కొత్తది 40 వేల డాలర్ల పైమాటే. ఆ డబ్బుకు తక్కువ హంగులున్న పెద్ద ట్రక్కు వచ్చేస్తుంది. రాళ్ల దారుల్లో దిగడానికి కావాల్సిన లో-రేంజ్ గేరు లేదు. మంచులో, బురదలో ఇబ్బంది ఉండదు గానీ కొండలెక్కే సరదా ఉంటే ఇది మీ బండి కాదు.

మరి ఎందుకు మెచ్చుకోవాలి? ఖాళీగా వెళ్తున్నప్పుడు ఎలా ఉంటుందో చూడండి. ఏ పికప్ అయినా నూటికి తొంభై సార్లు ఖాళీగానే తిరుగుతుంది. పెద్ద ట్రక్కు వెనక సస్పెన్షన్‌ను బరువు మోయడానికి బిగించి ఉంచుతారు కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు పగిలిన కాంక్రీటు రోడ్డు మీద వెనక భాగం చిన్నగా గంతులేస్తుంది. ముందు కూర్చున్నవాళ్లకు అంత తెలియదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టి హ్యూస్టన్ మీనాక్షి గుడికి వెళ్లొస్తే వాళ్లే చెప్తారు. రిడ్జ్‌లైన్‌లో ఆ సమస్యే లేదు. ఎక్కడానికి మెట్టు కూడా అక్కర్లేదు, చీర కట్టుకున్నవాళ్లు కూడా సులువుగా ఎక్కి దిగుతారు. హోండా తప్పించేది ఇదే, రోజూ పడే చిన్న చిన్న చిరాకు. షోరూమ్ కాగితంలో దీనికి గడి ఉండదు.

## మావెరిక్, శాంటా క్రూజ్

డబ్బు, గ్యాస్ నిజంగా మిగల్చాలంటే చూడాల్సింది మావెరిక్. 2022 మోడల్‌గా వచ్చినప్పుడు ప్రారంభ ధర 19,995 డాలర్లు. జనం ఎగబడ్డారు, ధర ఏటేటా పెరిగి ఇప్పుడు 28 వేలు దాటింది. అయినా హైబ్రిడ్‌లో ఇలాంటి మైలేజీ ఇచ్చే పికప్ ఇంకోటి లేదు. 2025 నుంచి హైబ్రిడ్‌లో ఆల్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతోంది. ఇద్దరున్న ఇంటికి, లేదా రెండో కారు స్థానంలోకి, లేదా రోజూ ముప్ఫై నలభై మైళ్లు ఆఫీసుకు తిరిగేవాళ్లకు ఇది భేషైన బండి. లోపల ప్లాస్టిక్ చౌకగానే ఉంటుంది, ముగ్గురు పెద్దవాళ్లు వెనక కూర్చుంటే మోకాళ్లు ఒప్పుకోవు. నాలుగున్నర అడుగుల బెడ్‌లో మూడు సీట్ల సోఫా పడుకోదు, నిలబెట్టి కట్టుకోవాలి.

శాంటా క్రూజ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, టర్బో మోడల్ 281 హార్స్‌పవర్‌తో గట్టిగా లాగుతుంది. కానీ బెడ్ మరీ చిన్నది. దాన్ని డిక్కీ విప్పేసిన టూసాన్ (హ్యుందాయ్ ఎస్‌యూవీ) అనుకుని కొంటే నిరాశ ఉండదు.

## పెద్ద ట్రక్కు ఎప్పుడు తప్పదు

ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కు. ఊరికే అమ్ముడవలేదు. ట్రావెల్ ట్రైలర్, పెద్ద పడవ, ఊరవతల కొన్న ఎకరాల మీదికి తీసుకెళ్లే చిన్న ట్రాక్టర్, వీటిలో ఏది ఉన్నా రిడ్జ్‌లైన్ గురించి ఆలోచించి ప్రయోజనం లేదు. ట్రాక్టర్, దాని ముందు లోడర్ బకెట్, కింద ట్రైలర్ కలిపి చూస్తే 5,000 పౌండ్లు ఎప్పుడు దాటాయో కూడా తెలియదు.

పెద్ద ట్రక్కు కొన్నా లెక్క వేసుకోవాల్సిందే. 6,000 పౌండ్ల ట్రైలర్ అనుకోండి. దాని ముక్కు ట్రక్కు మీద మోపే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి, అది నేరుగా ట్రక్కు పేలోడ్‌లోంచి పోతుంది. 12 శాతం వేస్తే 720 పౌండ్లు. అమ్మానాన్నలతో కలిపి అయిదుగురు ఎక్కితే ఇంకో 750. మొత్తం 1,470. స్టిక్కర్ మీద 1,500 ఉంటే ఇక ఐస్ బాక్స్ ఒక్కటే పెట్టుకోవచ్చు. ‘13,500 పౌండ్లు లాగుతుంది’ అనే ప్రకటన చూసి హంగులన్నీ ఉన్న మోడల్ కొన్నవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. లాగడం కోసమే కొంటుంటే తక్కువ హంగులు, టో ప్యాకేజీ (బరువు లాగే సరంజామా), ఆరున్నర అడుగుల బెడ్ ఉన్న మోడల్ చూడండి.

టెక్సాస్‌లో ఉండేవాళ్లకు ఇంకో కారణం ఉంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు కరెంటు పోయి జనం రోజుల తరబడి గడ్డకట్టుకుపోయినప్పుడు, ఎఫ్-150 హైబ్రిడ్ ఉన్న కొందరు ఇంట్లోకి వైర్లు లాగి హీటర్లు నడుపుకున్నారు. అందులో 7.2 కిలోవాట్ల జనరేటర్ తీసుకునే వీలుంది. షోరూముల్లో ఉన్న ఆ ట్రక్కుల్ని జనానికి అరువివ్వమని ఫోర్డే టెక్సాస్ డీలర్లను కోరింది. ఈ ఒక్క విషయంలో రిడ్జ్‌లైన్ దగ్గర జవాబు లేదు.

సొంత వ్యాపారం ఉన్నవాళ్లు, అంటే గ్యాస్ స్టేషన్, రెస్టారెంట్, అద్దె ఇళ్లు చూసుకునేవాళ్లు, పన్ను కోణం కూడా చూస్తారు. మొత్తం బరువు రేటింగు 6,000 పౌండ్లు దాటిన బండికి పన్ను చట్టం సెక్షన్ 179 కింద తరుగుదల లెక్క వేరేగా ఉంటుంది. బెడ్ లోపలి పొడవు కనీసం ఆరడుగులు ఉంటే ఎస్‌యూవీలకు పెట్టిన పరిమితి వర్తించదు. అయిదున్నర అడుగుల బెడ్‌కు ఈ రెండో వెసులుబాటు రాదు. సంతకం పెట్టకముందే మీ సీపీఏను (అకౌంటెంటును) అడగండి, బండి ఇంటికొచ్చాక అడిగితే చేసేదేమీ ఉండదు.

ఇక ఎదుటివాళ్ల సంగతి. అమెరికాలో హైవే భద్రతను పరిశీలించే ఐఐహెచ్ఎస్ సంస్థ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు పాదచారులను గుద్దినప్పుడు, 30 అంగుళాల లోపు ఎత్తు, వాలు ముక్కు ఉన్నవాటితో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. పిల్లలు సైకిళ్లు తొక్కే కల్డిసాక్‌లో (అవతలికి దారి లేని వీధిలో) ఉంటున్నారంటే ఇది మీరు ఆలోచించాల్సిన అంకె. రిడ్జ్‌లైన్ కూడా చిన్న బండేం కాదు, వెడల్పులో ఎఫ్-150 కంటే తక్కువయ్యేది ఒకటిన్నర అంగుళమే. పొడవు, ఎత్తు మాత్రం బాగా తక్కువ.

## మీరు ఎవరు?

ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఆఫీసు, వారాంతం తోటపని: రిడ్జ్‌లైన్. ఈ జాబితాలో నేను ఏమాత్రం సందేహం లేకుండా చెప్పగలిగేది ఇదొక్కటే.

కొత్తగా ఉద్యోగం, అపార్ట్‌మెంట్, గ్యాస్ ఖర్చు మీద కన్ను: మావెరిక్ హైబ్రిడ్. అపార్ట్‌మెంట్ పార్కింగ్ గీతల మధ్య పెద్ద ట్రక్కు పెట్టడం రోజూ ఒక పరీక్ష.

ట్రైలర్, పడవ, పొలం: పెద్ద ట్రక్కు. ఆఫ్‌రోడ్ సరదా ఉండి బరువు మధ్యస్థంగా ఉంటే టయోటా టకోమా లాంటి మధ్య సైజువి ఉన్నాయి. అవి కూడా నిచ్చెన ఫ్రేమ్ బండ్లే, రిడ్జ్‌లైన్ కంటే ఎక్కువ లాగుతాయి, వెనక సీటు ఇరుకు.

ఏడాదికి రెండుసార్లు మల్చ్, ఒకసారి సోఫా: ఏదీ కొనకండి. హోమ్ డిపోలో గంటల లెక్కన ట్రక్కు అద్దెకిస్తారు. ఇంట్లో హోండా ఒడిస్సీ వ్యాన్ ఉంటే మధ్య సీట్లు తీసేయండి, 4×8 ప్లైవుడ్ అందులోనే పడుతుంది. లాన్ కోసం గడ్డి ప్యాలెట్ తెప్పిస్తుంటే అసలు మీరు మోయాలనే అనుకోకండి. సుమారు 450 చదరపుటడుగుల గడ్డి తడిగా ఉంటే 2,000 పౌండ్లు సులువుగా దాటుతుంది. ఎఫ్-150 అయినా కూర్చుండిపోతుంది, డెలివరీ పెట్టించుకోండి.

ఇండియాలో ఉన్న తమ్ముడో బావమరిదో ‘ఇలాంటిది ఇక్కడ ఏముంది?’ అని అడిగితే, లేదనే చెప్పాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, ఇంకా టయోటా హైలక్స్ నిచ్చెన ఫ్రేమ్ మీద కట్టినవే. కారు పునాది మీద కట్టిన పికప్ అక్కడ షోరూముల్లో దొరకదు.

## సంతకానికి ముందు

టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. వెనక సీట్లో రోజూ కూర్చునేవాళ్లను తీసుకెళ్లి, నున్నటి హైవే కాకుండా పగుళ్లున్న రోడ్డు మీద నడపండి. వీలైతే ఇంటిదాకా తెచ్చి గ్యారేజీలో పెట్టి తలుపు మూసి చూడండి. పెద్ద ట్రక్కయితే మీరు కొనే ఆ బండి స్టిక్కర్‌నే ఫొటో తీసుకోండి, పక్కనున్న దానిది కాదు.

పాత రిడ్జ్‌లైన్ చూస్తుంటే ఇంకో రెండు. దాని వీ6లో గొలుసు కాదు, టైమింగ్ బెల్ట్ ఉంటుంది. సుమారు లక్ష మైళ్లకు మార్చాలి. ఆ మైళ్లకు దగ్గర్లో ఉన్న బండి అయితే మార్చిన రసీదు అడగండి, రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. అలాగే డిక్కీ మూత ఎత్తి, అడుగున నీళ్ల మరక ఉందేమో, స్టెప్నీ అసలు ఉందో లేదో చూసుకోండి.